ముడి లేని పట్టు

అండమాన్‌లోని ఫీనిక్స్ బే జెట్టీ దగ్గర సాయంత్రం పూట కాసేపు నిలబడి చూడండి. స్వరాజ్ ద్వీప్ నుంచో షహీద్ ద్వీప్ నుంచో ఫెర్రీ తిరిగొచ్చి గట్టుకు ఆనుతుంది. ఓడ మీంచి తాడు విసురుతారు. గట్టు మీదున్న మనిషి దాని చివరి ఉంగరాన్ని ఇనుప గుంజకు తగిలిస్తాడు. ఓడలోని మనిషి రెండో కొసను జంట గుంజల చుట్టూ ఎనిమిది అంకెలాగా నాలుగైదు చుట్లు తిప్పుతాడు. పని అయిపోయింది. ఎక్కడా ముడి వేయలేదు. అంత బరువున్న ఓడ ఆ చుట్ల మీదే నిలుస్తుంది. పోర్ట్ బ్లెయిర్‌లో, అంటే 2024 నుంచి శ్రీ విజయపురంలో, ఆటుకూ పోటుకూ మధ్య నీటిమట్టం దాదాపు 2 మీటర్ల దాకా మారుతుంది. నీరు మారినకొద్దీ తాడు కొంత వదలాలి, మళ్లీ కొంత లాగాలి. ముడి పడి ఉంటే అది బరువు కింద బిగుసుకుపోయి, కోస్తే తప్ప రాదు.

తాడు గట్టిగా నిలవాలి, అవసరమైనప్పుడు మాట వినాలి. ఓడకు ఎదురైన ఈ చిక్కే ఇంట్లో పిల్లలు చేసే రోబో చేతికీ ఎదురవుతుంది. వేళ్లలోంచి దారం పోనిచ్చి, మోటారు చక్రానికి కట్టి, లాగితే వేలు ముడుచుకునే బొమ్మచేయి ఇప్పుడు చాలా బడుల్లో కనిపిస్తోంది. నీతి ఆయోగ్ 2016లో మొదలుపెట్టిన అటల్ టింకరింగ్ ల్యాబ్‌లు ఆరో తరగతి నుంచి పన్నెండో తరగతి దాకా పిల్లల చేతికి మోటార్లూ పనిముట్లూ అందించాక ఈ ప్రయోగం మరింత పెరిగింది. ఆ చేయి పనిచేస్తుందా లేదా అన్నది ఎక్కువసార్లు మోటారు మీద గాని, ప్రోగ్రాము మీద గాని ఆధారపడదు. దారం కొసను ఎలా పట్టి ఉంచారన్నదే తేల్చేస్తుంది. ఈ చిన్న విషయానికి ఉన్న దారులన్నిటినీ ఒకచోట పెట్టి చూడటం ఈ వ్యాసం పని.

ముడి మీద అభియోగాలు

నేను మొదట చేసిన చేయి అట్టముక్కలతో, కూల్‌డ్రింకు స్ట్రాలతో చేసినది. అయిదు వేళ్లకు అయిదు దారాలు, అయిదు ముళ్లు. చూపుడువేలు ఆలస్యంగా కదిలేది, ఉంగరపువేలు సగంలో ఆగేది. సరిచేయడానికి ముడి విప్పాలి. విప్పితే దారం నలిగిపోయేది, మళ్లీ వేస్తే రెండు మూడు మిల్లీమీటర్లు అటో ఇటో పోయేది. రెండు మూడు మిల్లీమీటర్లు ఎంతలే అనిపిస్తుంది. లెక్క వేస్తే తెలుస్తుంది. మామూలు సర్వో మోటారు తిరిగేది సుమారు 180 డిగ్రీలు. దాని చక్రం వ్యాసార్ధం ఒక సెంటీమీటరైతే, మొత్తం తిరుగుడుకు లాగే దారం 31 మిల్లీమీటర్లు. అందులో 3 మిల్లీమీటర్లు వదులుంటే మోటారు 17 డిగ్రీలు వృథాగా తిరిగాక గాని వేలు కదలదు.

ముడి మీద మొదటి అభియోగం ఇదే: అది ఎక్కడ పడుతుందో కచ్చితంగా చెప్పలేం. రెండోది బలం. ముడిలో దారం పదునుగా వంగుతుంది, ఒక పోగు మీద మరో పోగు నొక్కుతుంది. అందుకే గాలం తాడు ఎక్కువగా ముడి దగ్గరే తెగుతుందని ఏ జాలరినడిగినా చెబుతాడు. అల్లిన సన్న దారాల్లో ముడి వల్ల బలం సగానికి సగం పోవడం మామూలే. మూడోది జారడం. రోబో చేతుల్లో ఇష్టంగా వాడే డైనీమా వంటి దారాలు ఉక్కును మించిన బలంతో, దాదాపు సాగకుండా ఉంటాయి గాని ఒళ్లంతా నున్నన. నైలాన్‌కు ఆగే ముడి వీటికి మెల్లగా జారిపోతుంది. నాలుగోది కాలం. ఎంత సాగని దారమైనా నెలల తరబడి బరువు కింద ఉంటే కొంత పాకుతుంది. ఈ రోజు సరిగ్గా పడిన ముడి మూడు నెలలకు తప్పు ముడి అవుతుంది.

మన భాష ఈ సంగతిని ముందే పట్టేసింది. మనకు బాగా పేరున్న రెండు ముళ్లు జారుముడి, పీటముడి. ఒకటి నిలవదు, ఇంకొకటి విడదు. పెళ్లిలో మూడు ముళ్లు వేయడంలోని అర్థం కూడా అదే: ఇక మార్పు లేదని. మార్పు అక్కర్లేని చోట ముడి గొప్ప వస్తువు. రోజూ సరిచేయాల్సిన చోట దానికి పని లేదు.

ముడి తరఫున చెప్పాల్సిందీ ఉంది. దానికి ఏ సామానూ అక్కర్లేదు, బరువు లేదు, డబ్బు పడదు. వేలి కొసన, ఒకసారి పెట్టి మరి ముట్టుకోని చోట, దారం చివర పెద్దది చేసి రంధ్రంలోంచి జారకుండా ఆపడానికి ముడి వేసి చుక్క జిగురు పెడితే తప్పు లేదు. చిక్కల్లా రెండో కొసతోనే, మోటారు వైపు కొసతో.

పట్టి ఉంచే నాలుగు పద్ధతులు

ముడి లేకుండా తాడును పట్టే ఉపాయాలు లెక్కకు చాలా కనిపిస్తాయి. మూలానికి వెళ్తే నాలుగే: చుట్టడం, నొక్కడం, తనలో తనను అల్లడం, కొసకు అడ్డు పెట్టడం.

చుట్టడం అన్నిటికన్నా పాతది. బొంగరం తిప్పిన ప్రతివాళ్లకూ దాని శక్తి చేతికి తెలుసు. దారాన్ని బొంగరం ఒంటికి ఎక్కడా కట్టం, అయినా అది చివరిదాకా పట్టు వదలకుండా బొంగరాన్ని తిప్పేస్తుంది. దీని లెక్కను 18వ శతాబ్దంలో ఆయిలర్ తేల్చాడు, తర్వాత ఐటెల్‌వైన్ పేరు కూడా దానికి చేరింది. చుట్టు పెరిగినకొద్దీ పట్టు కూడికలో పెరగదు, హెచ్చవేతలో పెరుగుతుంది. ఘర్షణ గుణకం 0.25 అనుకుంటే ఒక చుట్టుకు పట్టు 4.8 రెట్లు, రెండు చుట్లకు 23 రెట్లు, మూడింటికి 111 రెట్లు. అంటే 10 కిలోల లాగుడును మూడు చుట్ల తర్వాత 90 గ్రాముల బలంతో ఆపవచ్చు. అయితే నున్నటి డైనీమాకు గుణకం 0.08 దాకా పడిపోతుంది. అప్పుడు మూడు చుట్లకు వచ్చేది నాలుగున్నర రెట్లే. అదే 111 రెట్ల పట్టును ఆశించి మూడు చుట్లతో సరిపెడితే దారం జారుతుంది. ఎనిమిది చుట్లు వేస్తే 56 రెట్లు వస్తుంది. నైలాన్‌కు నేర్చిన అలవాటు డైనీమాకు ఎందుకు పనికిరాదో ఈ ఒక్క లెక్క చెబుతుంది.

ఇదే సూత్రం మరోచోట మనకు ఎదురు తిరుగుతుంది. దారం గొట్టంలోంచి పోతూ వంపులు తిరిగితే ఆ వంపులు కూడా చుట్లే. మొత్తం వంపు అర చుట్టు, గుణకం 0.1 అయితే మోటారు లాగిన బలంలో నాలుగో వంతుకు పైగా గొట్టమే మింగేస్తుంది. అందుకే పట్టు కావాల్సిన చోట చుట్లు, కదలిక కావాల్సిన చోట తిన్నని దారి.

నొక్కడమంటే స్క్రూ కింద, వాషరు మధ్య, రెండు పలకల మధ్య దారాన్ని బిగించడం. సైకిలు బ్రేకు వైరును పట్టి ఉంచే చిన్న బోల్టు దీనికి మంచి నమూనా. ఇందులో ఒక జాగ్రత్త ఉంది. స్క్రూ మొన నేరుగా దారం మీద తిరిగితే పోగులు కోసుకుపోతాయి. మొనకూ దారానికీ మధ్య వాషరు ఉండాలి, వాషరు అంచు గుండ్రంగా ఉండాలి. పడవల మీద వాడే క్యామ్ క్లీట్ కూడా నొక్కుడు జాతిదే. రెండు పళ్ల చక్రాలు తాడును ఒకవైపుకే పోనిస్తాయి, వెనక్కి లాగితే ఇంకా గట్టిగా కరుస్తాయి. రెయిన్‌కోటు టోపీ తాడుకుండే స్ప్రింగ్ బొత్తానిదీ ఆ కుటుంబమే గాని, దాని పట్టు స్ప్రింగు బలం వరకే. వేలికి తిరుగు లాగుడు ఇచ్చే సన్న ఎలాస్టిక్‌ను ఆపుతుంది, మోటారు దారాన్ని ఆపదు.

తనలో తనను అల్లడం ఓడతాళ్ల వాళ్ల విద్య. లోపల బోలుగా అల్లిన తాడు కొసను తిప్పి అదే తాడు గర్భంలోకి పోనిస్తారు. లాగినకొద్దీ పై అల్లిక సన్నబడి లోపలి కొసను ఒత్తి పట్టుకుంటుంది. ముడిలో సగం బలం పోయే చోట ఇందులో దాదాపు పూర్తి బలం నిలుస్తుంది. కొస లోపల ఉండాల్సిన పొడవు తాడు మందానికి సుమారు 70 రెట్లు. 1 మిల్లీమీటరు దారానికి 7 సెంటీమీటర్లు. దీనిలోనే ఒక అందమైన రకం ఉంది, వూపీ స్లింగ్ అంటారు. అందులో కొసను లోపల కుట్టెయ్యరు, స్వేచ్ఛగా వదులుతారు. బరువు పడితే పట్టేస్తుంది, బరువు తీస్తే జరుపుకోవచ్చు. చెట్లెక్కి కొమ్మలు కొట్టేవాళ్లూ, ఊయలలు కట్టుకునేవాళ్లూ వాడతారు. పట్టూ సర్దుబాటూ రెండూ ఒక్క తాడులోనే, వేరే సామాను లేకుండా జరిగే పద్ధతి ఇది.

కేబులు లోపల సున్నితమైనది ఉన్నప్పుడు ఈ అల్లిక సూత్రమే దిక్కు. శ్రీ విజయపురంలోని డాలీగంజ్‌లో ఒక కేంద్రం ఉన్న జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ తన ప్రోవ్ అనే నీటి రోబోను అండమాన్ పగడపు దిబ్బల పరిశీలనకు దించింది. ఇలాంటి రోబోల కేబుల్లో విద్యుత్ తీగలూ ఆప్టిక్ ఫైబరూ ఉంటాయి, ముడి వేస్తే ఫైబరు విరుగుతుంది. అందుకే ఇటువంటి కేబుళ్లను మేజోడులాంటి అల్లిక తొడుగుతో పట్టుకుంటారు. లాగితే తొడుగు బిగుస్తుంది, బరువు పొడవంతా పంచుకుపోతుంది, ఒక్కచోట పడదు.

కొసకు అడ్డు పెట్టడంలో ముఖ్యమైనది క్రింపు. చిన్న లోహపు గొట్టంలోంచి దారాన్ని రెండుసార్లు పోనిచ్చి పట్టకారుతో అణచడం. పెద్ద చేపల గాలాలకు మందపాటి నైలాన్ తాడు వాడేవాళ్లు ముడికి బదులు ఇదే వాడతారు. మందపాటి ఒంటి పోగు నైలాన్‌కు ఇది బాగా కుదురుతుంది. అల్లిన నున్నటి దారం మాత్రం క్రింపులోంచి జారుతుంది, మూడుసార్లు తిప్పి పోనిస్తే గాని ఆగదు. క్రింపు ఒకసారి అణిచాక తిరిగి రాదు. కాబట్టి అది కూడా వేలి కొసకే తగును.

సరిచేసే విద్య

పట్టడం సగం పని. రెండో సగం సర్దుబాటు. ఈ సంగతి మన వీణ కన్నా చక్కగా చెప్పే వస్తువు నాకు తెలియదు. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో పనసకర్రతో చేసే వీణనే తీసుకోండి. తంత్రి ఒక కొస బిరడకు చుట్టుకుంటుంది. కర్ర బిరడ కర్ర రంధ్రంలో ఒరుసుకుని తన పట్టుతోనే నిలుస్తుంది. దాన్ని ఒక్క వెంట్రుకవాసి తిప్పినా శ్రుతి చాలా మారిపోతుంది. అందుకని కుండ వైపు రెండో కొసన, నాగపాశం దగ్గర, లంగర్లు పెట్టారు. వాటి మీద జారే చిన్న ఉంగరాలుంటాయి. బిరడతో శ్రుతిని దగ్గరికి తెచ్చి, ఉంగరాన్ని కొంచెం జరిపి సరిగ్గా కలుపుతారు. తంత్రిని నిలిపే నాగపాశం ఒకటి, మోటుగా బిగించే బిరడ ఒకటి, సన్నగా సరిచేసే లంగరు ఒకటి. మూడు పనులకు మూడు చోట్లు. ఓడను నిలిపే లంగరు పేరే వీణ కొసకు రావడం చూసినప్పుడల్లా, తాడుతో పనిచేసిన వాళ్లందరూ ఒకే బడిలో చదివారనిపిస్తుంది.

ఇంట్లో ఉన్న నులక మంచం కూడా ఇదే చెబుతుంది. నులక అల్లిక ఒకసారి అల్లాక ముట్టుకోరు. కుంగినప్పుడు కాళ్ల వైపున్న తాళ్లను మాత్రం లాగి బిగిస్తారు. అల్లిక పని అల్లికది, బిగింపు పని కాళ్ల వైపు తాళ్లది. డోలక్‌కు జంట తాళ్ల మీద ఇనుప ఉంగరాలు తొడుగుతారు. ఉంగరం జరిపితే రెండు తాళ్లు దగ్గరికొచ్చి చర్మం బిగుస్తుంది, ఏ ముడీ విప్పే పని లేదు. తబలాకు వార్ల కింద కర్ర గట్టాలు దూర్చి, వాటిని సుత్తితో కొంచెం కిందికి కొడతారు. ఈ వాద్యాలన్నిటిలో సూత్రం ఒకటే: తాడు కొస జోలికి పోకుండా తాడు దారిని మార్చడం. పక్కకు కొంచెం లాగితే చాలు, తాడు బిగుస్తుంది.

రోబోకు పనికొచ్చే సర్దుబాటు పనిముట్లను ఈ కంటితో చూస్తే వాటి తరతమాలు తెలుస్తాయి. గిటారు బిరడ వీణ బిరడకు చెల్లెలే, కాకపోతే లోపల మరచుట్టు గేరు ఉంటుంది. మీట సుమారు 14 నుంచి 18 సార్లు తిప్పితే లోపలి కడ్డీ ఒక్కసారి తిరుగుతుంది. దారం ఎంత లాగినా ఆ గేరు వెనక్కి తిరగదు. పాత గిటారువి ఆరు బిరడలు దొరికితే ఒక చేతికి సరిపోతాయి. లోపం బరువూ చోటూ మాత్రమే. స్క్రూ సర్దుబాటు ఇంకా చిన్నది, ఇంకా కచ్చితమైనది. 3 మిల్లీమీటర్ల మామూలు స్క్రూ ఒక చుట్టుకు అర మిల్లీమీటరు నడుస్తుంది. కాబట్టి పావు చుట్టుతో మిల్లీమీటరులో ఎనిమిదో వంతు సరిచేయవచ్చు. సైకిలు బ్రేకు దగ్గర వేళ్లతో తిప్పే బోలు మర ఈ జాతిదే. 1896లో ఎర్నెస్ట్ బౌడెన్ పేటెంటు పొందిన తొడుగు వైరుకు అది జోడీ. అందులో విశేషమేమంటే తిప్పేది వైరును కాదు, తొడుగును. తొడుగు పొడుగైతే లోపలి వైరు బిగుస్తుంది. రోబో చేతిలో దారం గొట్టంలోంచి పోతుంటే గొట్టం కొసనే ఇలా ముందుకు జరపవచ్చు, దారాన్ని ముట్టుకోనక్కర్లేదు.

డేరా తాళ్లకుండే మూడు రంధ్రాల పలక ఇంకా చవక. దారం వంకరగా మూడు రంధ్రాల్లోంచి పోతుంది. పలక అడ్డంగా ఉన్నంతసేపు నిలుస్తుంది, నిలువుగా తిప్పితే జారుతుంది. పాత ప్లాస్టిక్ డబ్బా మూతనుంచి కోసుకోవచ్చు. నున్నటి దారానికి మూడు రంధ్రాలు చాలవు, అయిదు పెట్టాలి.

చివరిది పురి. రెండు పేటలు కలిపి పురి పెడితే తాడు పొట్టిదవుతుంది. పాతకాలం వడ్రంగి చట్రపు రంపాన్ని బిగించడానికి తాళ్ల మధ్య పుల్ల దూర్చి తిప్పడం ఈ ఉపాయమే. రోబోల్లో దీనిని సర్దుబాటుకే కాదు, లాగడానికే వాడారు. ఇటలీలోని బొలోన్యా విశ్వవిద్యాలయంవాళ్లు యూరపు డెక్స్‌మార్ట్ ప్రాజెక్టులో ఇలాంటి పురి తాళ్లతో చేయి చేశారు. సన్న మోటారు వేగంగా తిరుగుతుంది, పురి ఆ వేగాన్ని బలంగా మారుస్తుంది, గేర్లు అక్కర్లేదు. ఇంటివాళ్లకు ఇది ఆశపెట్టే దారే గాని, పోగులు ఒకదానికొకటి ఒరుసుకుని అరిగిపోతాయి, దారం తరచుగా మార్చాలి.

చేతులు చేసినవాళ్ల అనుభవం

తాడుతో కదిలే చేతుల చరిత్ర రోబోలకన్నా పాతది. 1840లలో ఆస్ట్రేలియాలోని ఆడిలైడ్‌లో ఒక దంతవైద్యుడు, చేయి దెబ్బతిన్న కార్పొరల్ కోల్స్ కోసం తిమింగలం ఎముకతో వేళ్లు చేసి, లోపల గిలకలు పెట్టి, గట్ తంత్రితో కదిలేలా చేశాడు. 2011లో జొహానెస్‌బర్గ్‌లో రిచర్డ్ వాన్ ఆస్ అనే వడ్రంగి పనిలో వేళ్లు పోగొట్టుకున్నాడు. అమెరికాలో నాటకాల సామగ్రి చేసే ఇవాన్ ఓవెన్‌తో కలిసి ఆ పాత చేతి స్ఫూర్తితోనే కొత్త చేయి తయారుచేశాడు. 2013 జనవరిలో వాళ్లిద్దరూ ఒక పసివాడి కోసం చేసిన చేతి నమూనాను ఎవరైనా ఉచితంగా అచ్చువేసుకోవచ్చని విడుదల చేశారు. దాని నుంచి ఈనేబుల్ అనే స్వచ్ఛంద బృందం పుట్టింది.

ఆ బృందం తెచ్చిన ర్యాప్టర్ చేతిలో మన ప్రశ్నకు ఒక మంచి జవాబుంది. ముంజేతి తొడుగు మీద చిన్న పెట్టె, అందులో వేలికొకటి చొప్పున జారే పిన్నులు, ఒక్కో పిన్నుకు ఒక స్క్రూ. దారం కొస పిన్నుకు ముడితోనే ఉంటుంది. బిగింపు మాత్రం స్క్రూ చూసుకుంటుంది. ముడిని పూర్తిగా తీసేయలేదు, దాని మీది బాధ్యతను సగానికి తగ్గించారు. పెరిగే పిల్లవాడి చేతికి వారం వారం సరిచేయాల్సిన దారాన్ని ఇంట్లో పెద్దవాళ్లే స్క్రూడ్రైవరుతో సరిచేయగలిగారు.

ఫ్రాన్సు శిల్పి గయెల్ లాంజవాన్ 2012 ప్రాంతంలో మొదలుపెట్టిన ఇన్‌మూవ్ మనిషంత రోబోకు ఒక్కో వేలికి ఒక సర్వో. సర్వో చక్రానికి రెండు కొసలు, ఒకటి ముడుచుకోవడానికి, ఒకటి తెరుచుకోవడానికి. రెండూ ఒకే బిగిలో ఉండాలి. దీని వెనక ఒక లోతైన సంగతి ఉంది. తాడు లాగగలదు గాని తోయలేదు. అందుకే ఒక కీలును రెండు వైపులా కదపాలంటే రెండు లాగుళ్లు కావాలి. 1980ల మొదట్లో స్టాన్‌ఫర్డ్‌లో కెన్నెత్ సాలిస్‌బరీ చేసిన చేతికి మూడు వేళ్లు, వేలికి మూడు కీళ్లు. వేలికి నాలుగు కేబుళ్లు, మొత్తం పన్నెండు. కీళ్ల కంటే ఒక తాడు ఎక్కువ ఉంటే చాలని ఆయన లెక్క. అదే దశాబ్దంలో యూటా, ఎంఐటీ కలిసి చేసిన చేతిలో 16 కీళ్లకు 32 తాళ్లు. ప్రతి తాడూ ఎప్పుడూ బిగువుగా ఉండాలి, ఒక్కటి సడలినా పక్క తాడు లెక్క తప్పుతుంది. అంతటి ప్రయోగశాలల్లోనూ తాడు బిగి నిలబెట్టడమే రోజువారీ శ్రమ.

అన్నిటికీ మూలం మన చేతిలోనే ఉంది. వేళ్లను ముడిచే కండరాలు వేళ్లలో లేవు, ముంజేతిలో ఉన్నాయి. వాటి నుంచి స్నాయుబంధనాలు మణికట్టు దాటి, వేళ్ల వెంట ఉన్న ఉంగరాల్లాంటి కట్ల కిందుగా పోయి ఎముకను పట్టుకుంటాయి. ఎముక దగ్గర ముడి లేదు. మెత్తని పోగు మెల్లమెల్లగా మృదులాస్థిగా, తర్వాత గట్టి ఎముకగా మారిపోతుంది. బరువు ఒక్క గీత మీద పడకుండా పంచుకుపోతుంది. సర్దుబాటంతా ఇంకో కొసన, కండరం చూసుకుంటుంది. నిలపడం ఒక కొసన, సరిచేయడం మరో కొసన.

దీవుల పరీక్ష

ఈ పద్ధతులన్నీ పొడి గదిలో సరే. అండమాన్‌లో సంవత్సరానికి దాదాపు 3,000 మిల్లీమీటర్ల వర్షం పడుతుంది, మేలో మొదలైన వాన డిసెంబరు దాకా సాగుతుంది, మిగతా రోజుల్లో ఉప్పుగాలి. ఇక్కడ ప్రతి పద్ధతికీ ఇంకో పరీక్ష ఉంటుంది.

మామూలు ఇనుప బ్రేకు వైరు కొద్ది నెలలకే తొడుగు లోపల తుప్పుపట్టి పట్టేస్తుంది. స్టెయిన్‌లెస్ వైరు నిలుస్తుంది గాని దానికి అల్యూమినియం క్రింపు వేస్తే ఉప్పు తేమలో అల్యూమినియం తినేసినట్టు పోతుంది. రాగి క్రింపు మేలు. నూలు దారం తడికి బిగిసి ఎండకు సడలుతుంది. కర్ర బిరడ వానాకాలం ఉబ్బి తిరగనంటుంది, ఎండాకాలం జారుతుంది. రబ్బరు ఎలాస్టిక్ వేడికీ ఎండకీ ముందుగా పోయేది. ఇలా చూస్తే నైలాన్, డైనీమా దారాలూ, స్టెయిన్‌లెస్ స్క్రూలూ, ప్లాస్టిక్ పలకలే ఇక్కడి వాతావరణానికి నిలబడతాయి.

రెండో పరీక్ష సరుకు. చెన్నై నుంచి శ్రీ విజయపురానికి సుమారు 1,190 కిలోమీటర్ల సముద్రం. ప్రత్యేకమైన చిన్న భాగం కావాలంటే ఓడ కోసమో విమానం కోసమో ఎదురుచూడాలి. అందుకే ఇక్కడ మంచి పద్ధతి అంటే అబర్దీన్ బజారులో, సైకిలు షాపులో, జంగ్లీఘాట్ చేపలరేవు దగ్గర గాలం సామాను అమ్మే చోట దొరికే వాటితో కుదిరేది.

చేపలరేవన్న ఈ చివరి మాట నాకు ముఖ్యమైనది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవాళ్లు సుమారు 13 శాతం, దాదాపు 50 వేలమంది. వాళ్లలో శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వచ్చిన మత్స్యకార కుటుంబాలు ఎన్నో. ఆ తీరంలో తాతలు దుంగలను తాళ్లతో కట్టి తెప్పలు చేశారు, వేటనుంచి రాగానే తాళ్లు విప్పి దుంగలను ఇసుక మీద ఆరబెట్టారు. మేకు లేకుండా పలకలను కొబ్బరినార తాళ్లతో కుట్టిన పడవలు నడిపారు, కుట్టు పాడైతే మళ్లీ కుట్టుకున్నారు. ఇక్కడికి దక్షిణాన నికోబార్‌లో దుంగను తొలిచి చేసే హోడీ పడవకు పక్కతేలును బెత్తంతో కట్టి నిలుపుతారు. సముద్రంలో అల కొట్టినప్పుడు మేకు కొట్టిన చోట చీలుతుంది, కట్టిన చోట కొంచెం కదిలి నిలుస్తుంది. చుట్టు వేయడం, ఆ చుట్ల మధ్య అడ్డంగా మరో చుట్టు వేసి బిగించడం, ఇవన్నీ ఈ నీళ్ల మీద బతికిన వాళ్ల చేతుల్లో ఉన్న జ్ఞానం. బడిలో రోబో చేస్తున్న పిల్లవాడికి ఇది కొత్త శాస్త్రంలా కనిపిస్తుంది. ఇంటికి వెళ్లి తాతనడిగితే సగం తెలిసిపోతుంది. పాఠ్యాంశాలు రాసేవాళ్లు ఈ రెంటినీ కలపకపోవడం నాకు నిజంగా బాధ కలిగిస్తుంది.

తేలినదేమిటి

ఇన్ని దారులూ చూశాక నాకు తోచిన నిర్ణయం ఒకటే. తాడును నిలపడమూ తాడును సరిచేయడమూ రెండు వేర్వేరు పనులు. ముడి చేసే పొరపాటు బలహీనంగా ఉండటం కాదు, ఈ రెండు పనులనూ ఒకేచోట కట్టిపడేయడం. వాటిని విడదీసిన ప్రతి పద్ధతీ పనిచేసింది, వీణలోనూ, మంచంలోనూ, ర్యాప్టర్ చేతిలోనూ, మన సొంత చేతిలోనూ.

అందుకే ఇంట్లో చేయి చేసే పిల్లలకు ఇలా చెబుతాను. వేలి కొసన దారాన్ని శాశ్వతంగా నిలపండి: క్రింపుతో గాని, తనలో తాను దూర్చిన అల్లికతో గాని, జిగురు పెట్టిన ముడితో గాని. తర్వాత అక్కడ చేయి పెట్టకండి. మోటారు చక్రం మీద చుట్లు వేయండి, నైలాన్‌కు మూడు, నున్నటి దారానికి ఎనిమిది. చుట్ల తర్వాత మిగిలిన కొంచెం లాగుడును వాషరున్న స్క్రూ కింద నొక్కి ఆపండి. చుట్లు బరువు మోస్తాయి, స్క్రూ కొసను కాపాడుతుంది. వేలి కొసకూ మోటారుకూ మధ్య, దారం గొట్టం బయటికొచ్చే చోట, సైకిలు బ్రేకు బోలు మర పెట్టండి. ప్రతి వారం వేళ్లతో పావు చుట్టు తిప్పి సరిచేసుకోవచ్చు. బోలు మర దొరకని చోట అయిదు రంధ్రాల పలక చాలు. దారం దారిలో వంపులు తగ్గించండి. ఉప్పుగాలి తగిలే చోట ఇనుము వద్దు, స్టెయిన్‌లెస్ స్క్రూలే వాడండి.

మళ్లీ కట్టిన నా రెండో చేతికి ముళ్లు అయిదే, అయిదూ వేళ్ల కొసల్లోనే ఉన్నాయి, జిగురు కింద. మణికట్టు దగ్గర అయిదు బోలు మరలు వరసగా ఉంటాయి. ఉంగరపువేలు సోమరిగా అనిపించిన రోజు దాని మర ఒకటి తిప్పుతాను. వాన పడిన మరునాడు అయిదూ ఒకసారి తడిమి చూస్తాను, జెట్టీ మీది మనిషి ఆటుపోట్లకు తాడు సరిచూసుకున్నట్టే. దారం మాట వింటోంది.